రెండు కంటే కాస్త ఎక్కువ

మా అత్తగారి చెవులు పోయాయని పదిమందికీ చాటింది నేనే. నోటితో అనలేదు, అంత సాహసం నాకెక్కడిది. నేను తయారుచేసిన పెట్టె అంది. అరచేతిలో పట్టేంత నల్లపెట్టె, దాని మీద రెండు లైట్లు. పియానో పక్కన పెట్టి మీట నొక్కితే, స్వరం సరిగ్గా ఉంటే పచ్చలైటు వెలుగుతుంది, వెయ్యిలో రెండు వంతులు మించి తేడా వస్తే ఎర్రలైటు. సంగీత కళాశాల హాల్లో ఉన్న పెద్ద పియానోకి ఎనభై ఎనిమిది మీటలు. అత్తగారు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కూర్చుని శ్రుతి చేసిన మర్నాడు, వాటిలో యాభై తొమ్మిది మీటల దగ్గర నా పెట్టె ఎర్రగా వెలిగింది.

ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆ పియానో ఆవిడ చేతిలోనే ఉంది. మనిషి పొట్టి. పియానో మూత ఎత్తాక ఇవతల నుంచి చూస్తే జుట్టుముడి ఒక్కటే కనిపిస్తుంది. చాలా మీటలకి మూడేసి తీగలుంటాయి, వాటి మధ్యకి మెత్తటి ఉన్ని ఫెల్టు పట్టీ దూర్చి రెండింటి నోరు మూయించి, మిగిలిన ఒక్కదాన్నీ దారికి తెస్తారు. తీగ చుట్టిన మేకు మీద రెంచి పెట్టి, ఎడంచేత్తో మీట కొడుతూ, కుడిచెయ్యి కదుపుతారు. కదుపుతారని మనం అనుకోవడమే. భుజం కదలదు, మోచెయ్యి కదలదు, మణికట్టు మాత్రం గోరంత వంగుతుంది. ఆ సమయంలో హాల్లో ఎవరూ మాట్లాడకూడదు. ఫ్యాను కూడా ఆపేయిస్తారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నేను తుమ్మితే, ఆవిడ రెంచి పక్కన పెట్టి, “అయిందా, ఇంకోటి ఉందా?” అని అడిగారు.

మా ఇద్దరికీ పడదని కాదు. పడుతుంది, వాదించుకోవడానికి. నాకు ముక్కు మీద కోపం, ఆవిడకి నాలిక మీద వెటకారం. “మీ చెవి గొప్పదే గానీ ఋజువేదీ?” అంటాను నేను. “నీ అంకెలు గొప్పవే గానీ వాటిని వాయిస్తే వినేదెవరూ?” అంటారు ఆవిడ. నా పేరు ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. మామూలుగా ‘అమ్మాయ్’, కోపం వస్తే ‘లెక్కల పంతులమ్మా’.

నేను పనిచేసేది చిన్న చిన్న కొలత పరికరాలు చేసే కంపెనీలో. వేడి కొలిచేవి, తేమ కొలిచేవి, బరువు తూచేవి. వాటి లోపల ప్రోగ్రాములు రాయడం నా పని. సంగీత వాయిద్యాలకి కూడా ఒకటి చేద్దామని మా పెద్దాయన అనేసరికి ఎగిరి గంతేశాను. మొదటి పెట్టె తయారవగానే తీసుకెళ్ళి కళాశాలకి బహుమతిగా ఇచ్చాను. అత్తగారికి గౌరవంగా ఉంటుందని ఇచ్చానని అందరికీ చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు గొప్పగా ఉంటుందని ఇచ్చాను.

అందుకే ఆ మంగళవారం ప్రిన్సిపాల్ గారు పెట్టె పట్టుకుని మీటలు నొక్కుతుంటే, ఆఫీసుకి ఆలస్యమైనా సరే అని పక్కనే నిలబడ్డాను. ప్రతి మీటకీ ఎంత తేడా చూపిస్తోందో నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను కూడా. మధ్యలో ఉన్న మీటలన్నీ పచ్చ. నేను మురిసిపోయాను. పైకి వెళ్ళాం. పచ్చ, పచ్చ, ఎరుపు. ఇక అక్కణ్ణించి అన్నీ ఎరుపే. కిందికి వెళ్ళాం. అక్కడా అదే వరస. ప్రిన్సిపాల్ గారు చివరి మీట మీద నుంచి వేలు తీసి కళ్ళజోడు సర్దుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పడానికి ఆయన పడ్డ ఇబ్బంది చూస్తే జాలేసింది.

“మేడమ్, సోమవారం పరీక్షలు. బయటి నుంచి పరీక్షకులు వస్తున్నారు,” అన్నారు.

“తెలుసండీ,” అన్నారు అత్తగారు.

“వయసన్నది ఎవరికైనా వస్తుంది. నాకు రెండేళ్ళలో మూడు కళ్ళజోళ్ళు మారాయి. మీరు మరోలా అనుకోకండి. శుక్రవారం మళ్ళీ చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే, ఈ పియానో వరకు ఇంకొకళ్ళకి అప్పజెబుతాను.” ఆ తర్వాత నావైపు తిరిగారు. “ఏమ్మా, యంత్రంలో పొరపాటు ఉండే అవకాశం ఏమైనా ఉందా?”

“లేదండీ,” అన్నాను. ఊపిరి కూడా తీసుకోలేదు. ఆ మాట ఇప్పటికీ తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అత్తగారు ఫెల్టు పట్టీలు చుట్టి, రెంచి గుడ్డలో పెట్టి, సంచి భుజాన వేసుకున్నారు. బస్సులో నా పక్క సీట్లో కూర్చుని, “పెట్టె బాగా చేశావమ్మాయ్. లైట్లు దూరానికి కూడా బాగా కనిపిస్తున్నాయి,” అన్నారు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం సంగతంతా విని మా ఆయన, “నీ లెక్క తప్పదంటావా?” అని మెల్లగా అడిగాడు. “తప్పదు,” అన్నాను. “మరి అమ్మ చెవి?” అన్నాడు. నేను లేచి వెళ్ళాను. అత్తగారి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆవిడ మంచం అంచున కూర్చుని ట్యూనింగ్ ఫోర్కు మోకాలికి కొట్టి కుడిచెవి దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ కొట్టి ఎడంచెవి దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ కుడిచెవి. ముప్ఫై ఒక్కేళ్ళు నమ్మిన మనిషి ఇప్పుడు తన చెవులనే పిలిచి సాక్ష్యం అడుగుతున్నట్టు ఉంది. నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

బుధవారం పొద్దున ఆఫీసులో నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఒక సంగతి అప్పుడు కళ్ళబడింది. చెవి పోయిన మనిషి తప్పు చేస్తే ఎలా ఉండాలి? ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ, అక్కడక్కడ అదృష్టం కొద్దీ సరిగ్గా. కానీ ఇక్కడ తేడా మధ్యలో సున్నా, అక్కణ్ణించి మెట్టు మెట్టుకీ ఒకే తీరులో కొంచెం కొంచెం పెరుగుతూ పోయింది. పై కొసన నాలుగైదు అంకెలు అటూ ఇటూ అయినా, మిగతా వరసలో ఎక్కడా తడబాటు లేదు. ఇంత పద్ధతిగా ఎవరూ తప్పు చెయ్యరు. ఒక్క యంత్రం తప్ప.

వెంటనే ప్రోగ్రాము తెరిచాను.

ఇక్కడ నా పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, ఓపిక పట్టండి. స్వరం ఒక స్థాయి పైకి వెళితే దాని కంపనాలు రెట్టింపవుతాయి. సెకనుకి 440 ఉంటే పైది 880, ఆ పైది 1760. ఈ మధ్యలో పన్నెండు మెట్లు. ప్రతి మెట్టుకీ ఒకే సంఖ్యతో గుణించాలి, పన్నెండుసార్లు గుణించేసరికి కచ్చితంగా రెండు రెట్లు కావాలి. ప్రోగ్రాము రాసేవాళ్ళకి ఇది ఒక్క గీతలో పని. రెండు అని రాసి, పక్కన రెండు నక్షత్రం గుర్తులు పెట్టి, ఎన్నో మెట్టో దాన్ని పన్నెండుతో భాగించి రాస్తే చాలు. రెండుని ఆ ఘాతానికి ఎత్తమని అర్థం. నాకు ఆ గుర్తంటే చదువుకునే రోజుల నుంచీ ఇష్టం. గుణకారం మెట్లు ఎక్కుతుంది, ఘాతం ఒక్క అంగలో మేడమీద ఉంటుంది. మెట్టు సంఖ్య నిండుది కాకపోయినా, ఏడు బై పన్నెండు లాంటిదైనా, అది తొణకదు.

అంత ఇష్టమైనదాన్ని ఈ పెట్టెలో నేను వాడలేదు. లోపలున్న చిప్పు చాలా చిన్నది. ఘాతం లెక్కగట్టే ఫంక్షను అందులో పెడితే మిగతా ప్రోగ్రాముకి చోటు చాలలేదు. దాంతో తెలివి ప్రదర్శించాను. మెట్టుకి ఒకసారి చొప్పున గుణించుకుంటూ పొమ్మన్నాను. ఆ గుణించాల్సిన సంఖ్య 1.059463 అంటూ అంతులేకుండా పోతుంది. చిప్పు అంత తోకని మోయలేదని 1.0594 దగ్గర కత్తిరించేశాను. మధ్యలో ఉన్న పన్నెండు మీటల మీద పరీక్షించాను, అన్నీ పచ్చగా వచ్చాయి, చప్పట్లు కొట్టుకున్నాను.

ఒక్క మెట్టుకి ఆ తోక ఎంత? కంటికి ఆనదు. కానీ పన్నెండుసార్లు గుణిస్తే 880 రావలసిన చోట 879.37 వచ్చింది. ముప్ఫై ఆరుసార్లు గుణిస్తే 3520 రావలసిన చోట మూడువేల అయిదు వందల పన్నెండున్నర వచ్చింది. మధ్య నుంచి కిందికి దిగేటప్పుడు ఇదే తప్పు అటువైపు తిరిగి పెరిగింది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా ఇలా రాస్తే, నేను పదిమందిలో నిలబెట్టి కడిగేసేదాన్ని. నేనే పప్పులో కాలేసి, ఆ మరక తీసుకెళ్ళి అత్తగారి మొహాన పూశాను.

ఆఫీసు కంప్యూటరులో, ఆ రెండు నక్షత్రాల గుర్తుతోనే, ఎనభై ఎనిమిది మీటలకీ సంఖ్యలు లెక్కగట్టి, ఆ పట్టికని తీసుకెళ్ళి చిప్పులో పెట్టాను. ఇక పెట్టె గుణించనక్కర్లేదు, చూసి చెబితే చాలు. సగం రోజు సెలవు పెట్టి ఇంటికి పరిగెత్తాను.

“అత్తయ్యా, తప్పు నాది. మీ చెవిది కాదు. సంచి తీసుకోండి, పదండి,” అన్నాను.

ఆవిడ కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, “తప్పు నాది అని నీ నోట వినడానికే ఈ చెవులు ఇన్నాళ్ళూ ఆగాయి కాబోలు,” అన్నారు. కానీ ఆ కళ్ళలో కదిలింది వెటకారం కాదు.

హాల్లో మేమిద్దరమే. ఫ్యాను ఆపేశాం. నేను మీటలు ఒక్కొక్కటే నొక్కాను. నిన్న ఎర్రగా ఉన్నవి కొన్ని పచ్చబడ్డాయి. నా ప్రాణం లేచొచ్చింది. ఇంకా పైకి వెళ్ళాను. ఎరుపు. మళ్ళీ ఎరుపు. చివరిదాకా నొక్కి లెక్కపెడితే, యాభై తొమ్మిది కాస్తా ముప్ఫై తొమ్మిదయ్యాయి. అంతే. లెక్క ఈసారి నూటికి నూరుపాళ్ళూ సరైనది, పది అంకెల దాకా సరిచూశాను. అయినా ముప్ఫై తొమ్మిది. నా మొహం చూసి ఆవిడకి అర్థమైంది.

“ఇంకా తప్పేనా?” అన్నారు.

నేను తలూపాను. ఆవిడ నిదానంగా కుర్చీ లాక్కుని రెంచి తీశారు. “సరే, నీ అంకె ఎంతంటే అంత పెడతాను. చెప్పు,” అన్నారు. పై స్థాయిలో ఒక స్వరం, దాని మీద స్థాయిలో అదే స్వరం, రెండింటినీ నా పెట్టె పచ్చలైటు వెలిగేదాకా మార్చారు. “ఇప్పుడు రెండూ కలిపి కొడతాను. లైటు చూడకు. కళ్ళు మూసుకో.”

కొట్టారు. మొదట ఏమీ తెలీలేదు. రెండోసారి కొట్టేసరికి ఆ శబ్దం నిలబడటం లేదని తెలిసింది. గాలికి దీపం ఊగినట్టు, సెకనుకి రెండు మూడుసార్లు సన్నగా ఊగుతోంది.

“ఊగుతోంది అత్తయ్యా,” అన్నాను.

“ఎన్నిసార్లు?”

“రెండు... కాదు, రెండున్నర.”

“ఫరవాలేదే,” అని మణికట్టు గోరంత వంచారు. మళ్ళీ కొట్టారు. ఊగడం ఆగిపోయింది. రెండు స్వరాలూ ఒకటే అయి, హాలు చివరిదాకా తిన్నగా వెళ్ళాయి. నేను కళ్ళు తెరిస్తే పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతోంది.

“తీగంటే దారం కాదమ్మాయ్, ఉక్కు,” అన్నారు అత్తగారు. “వంగమంటే మొరాయిస్తుంది. ఒక స్వరం కొడితే దాని కడుపులో ఇంకో పైస్వరం కూడా మోగుతుంది కదా, ఈ మొరాయింపు వల్ల అది సరిగ్గా రెట్టింపు దగ్గర ఆగదు, కాస్త పైకి పోతుంది. పై మీట దాంతో కలవాలి గానీ నీ కాగితంతో కాదు.”

“ఎంత పైకి?”

“ఒక్కో పియానోకీ ఒక్కోలా ఉంటుంది. దీనికి ఇంత,” అని మణికట్టు చూపించారు.

ఆ ‘ఇంత’ ఎంతో నేను కొలిచాను. అక్కడే నేల మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ సొంతంగా పెట్టిన స్వరాలన్నీ ఒక్కొక్కటే నమోదు చేశాను. స్థాయికీ స్థాయికీ మధ్య రెండు రెట్లు కాదు. రెండు కంటే కాస్త ఎక్కువ. 2.002. నా ప్రోగ్రాములో ఒకే ఒక్క గీతలో, రెండు ఉన్నచోట ఆ సంఖ్య పెట్టి, పక్కన అవే రెండు నక్షత్రాలు, అదే పన్నెండో వంతు. కంప్యూటరు మీద ఎంటర్ నొక్కాను. పట్టిక మొత్తం కొత్తగా వచ్చింది. దాన్ని పెట్టెలోకి ఎక్కించి, మీటలు కింది నుంచి నొక్కుకుంటూ వచ్చాను. పచ్చ. పచ్చ. పచ్చ.

ఒక్క సంఖ్య. మొదటి మీట నుంచి పై మీటల దాకా ఆవిడ పెట్టిన ప్రతి స్వరమూ ఆ ఒక్క సంఖ్య ఘాతం మీదే, వెంట్రుకవాసి తేడాతో కూర్చుంది. నేను కంప్యూటరుతో కూడా తప్పు చేసిన లెక్కని, ఈవిడ కాగితం లేకుండా, దశాంశం పేరు ఎత్తకుండా, ఒక చెక్కపిడి రెంచితో చేసేస్తున్నారు. పైగా ఏ సంఖ్యని ఘాతానికి ఎత్తాలో ఆ పియానోనే అడిగి తెలుసుకుని మరీ! నాకు ఆవిడ్ని గట్టిగా కావిలించుకోవాలనిపించింది. కావిలించుకోలేదు. పొగరు.

పచ్చ. పచ్చ. ఎనభై మూడో మీట దాకా పచ్చ.

ఎనభై నాలుగు ఎరుపు. ఎనభై అయిదు ఎరుపు. చివరి అయిదూ ఎరుపే. అంకెలు చూశాను. ఒకటి బాగా తక్కువ, దాని పక్కది బాగా ఎక్కువ, ఇంకోటి ఇంకా ఎక్కువ, తర్వాతది మళ్ళీ తక్కువ. వాటికి వరస లేదు, పద్ధతి లేదు. పొద్దున నేను అనుకున్నానే, చెవి పోయిన మనిషి తప్పు చేస్తే ఎలా ఉంటుందని. ఇలా ఉంటుంది.

“అంతా పచ్చేనా?” అన్నారు అత్తగారు. ఆవిడ వీపు నావైపు ఉంది, ఫెల్టు చుడుతున్నారు.

“ఆఁ,” అన్నాను.

గురువారమంతా ఆ అయిదు అంకెలూ నన్ను తిననివ్వలేదు, కూర్చోనివ్వలేదు. ప్రిన్సిపాల్ గారికి మిగతా ఎనభై మూడు కనిపిస్తాయా? కనిపించవు. ఎర్రలైటు కనిపిస్తుంది. వయసు కనిపిస్తుంది. పియానో ఇంకొకరికి వెళ్ళిపోతుంది, ఆవిడ మంచం అంచున కూర్చుని ఫోర్కు కొట్టుకుంటూ ఉండిపోతారు. ఆ తప్పు మొదలుపెట్టింది నేను. సరిచేసే దారి కూడా నా చేతిలోనే ఉంది. పట్టికలో చివరి అయిదు సంఖ్యలూ తీసేసి, పియానోలో ఇప్పుడు ఎంతెంత ఉన్నాయో అవే అక్కడ పెడితే సరి. నిమిషం పని. ఒకసారి పెట్టి చెరిపేశాను. మళ్ళీ పెట్టాను. ఈసారి చెరపలేదు.

శుక్రవారం ప్రిన్సిపాల్ గారు ముందు వరస కుర్చీలో కూర్చోగానే, నేను చెయ్యాల్సిన మొదటి పని చేశాను. “మంగళవారం పొరపాటు లేదన్నాను. ఉంది. ప్రోగ్రాములో అడ్డదారి తొక్కింది నేను. ఆ తర్వాత కూడా నా లెక్క ఈ పియానోకి సరిపోలేదు, మా అత్తగారి చెవి సరిపోయింది,” అని 2.002 సంగతంతా చెప్పాను. ఆయన ఆసక్తిగా విన్నారు. చెప్పడం అయ్యాక స్వయంగా లేచి వచ్చి మీటలు నొక్కారు. పచ్చ, పచ్చ, పచ్చ. చివరి అయిదు మీటలు నొక్కుతున్నప్పుడు నేను నేలచూపులు చూశాను. పచ్చ. అయిదూ పచ్చే.

“ఎనభై ఎనిమిదికి ఎనభై ఎనిమిది!” ఆయన మొహం వెలిగిపోయింది. “మేడమ్, నన్ను క్షమించాలి. మీ చెవి మీద అనుమానపడ్డాను.”

“ఎనభై ఎనిమిదా?” అన్నారు అత్తగారు.

“అన్నీ అండీ.”

ఆవిడ పెట్టెని చేతిలోకి తీసుకుని చివరి మీట నొక్కారు. పచ్చలైటు కేసి చూశారు. మళ్ళీ నొక్కారు. తర్వాత నా కేసి చూశారు. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేదాన్ని.

“ఈ చివరి అయిదూ పచ్చగా ఉండటానికి వీల్లేదండీ,” అన్నారు ప్రిన్సిపాల్ గారితో. “నాకివి వినపడవు. రెండేళ్ళయింది. కొడితే సుత్తి చప్పుడే తెలుస్తుంది గానీ స్వరం తెలీదు. చేతి అలవాటు కొద్దీ పెట్టేస్తున్నాను. వీటిని ఎవరూ అంతగా వాయించరు కదా అని ఊరుకున్నాను. అది నా తప్పు.”

నాకు తల కొట్టేసినట్టయింది. “ఆ అయిదు అంకెలు నేనే మార్చానండీ. నిన్న,” అన్నాను.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సినంత మురికి దాని మీద లేదు. “ఇక ఈ పెట్టెని నేనెలా నమ్మనమ్మా?” అన్నారు.

“పెట్టెని ఎవరు నమ్మమన్నారు?” అన్నారు అత్తగారు. “ఎనభై మూడింటికి నన్ను నమ్మండి. ఈ అయిదింటికీ ఈ అమ్మాయి చెవిని నమ్మండి. మొన్న ఇక్కడ కూర్చుని, ఊగేది రెండున్నరసార్లని చెప్పింది. అర కూడా వినపడింది దీనికి. ఇన్నేళ్ళలో నేను చాలామందికి వినిపించాను, ఆ అర ఎవరూ చెప్పలేదు. మీరు వద్దంటే చెప్పండి, సంచి సర్దుకుంటాను. నాకేం బాధ లేదు.”

బాధ లేదన్న మనిషి రెంచి పిడిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు అది చూశారు. ఫ్యాను దగ్గరికి నడిచివెళ్ళి స్విచ్చి ఆపేసి, వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

“కానివ్వండి. నేనూ వింటాను,” అన్నారు.

నేను ల్యాప్‌టాప్ తెరిచి, చివరి అయిదు సంఖ్యలూ చెరిపేసి, ఘాతం ఇచ్చిన నిజం సంఖ్యల్ని పెట్టెలోకి ఎక్కించాను. అత్తగారు ఎనభై నాలుగో మీట మేకు మీద రెంచి పెట్టారు. కింది స్థాయి స్వరంతో కలిపి కొట్టారు.

“ఊగుతోంది. చాలా వేగంగా,” అన్నాను. ఆవిడ మణికట్టు కదిలింది. “తగ్గింది... ఇంకా తగ్గింది... సెకనుకి ఒకటి... ఇంకొంచెం... ఆపండి.” పెట్టె పచ్చగా వెలిగింది. తర్వాతది. ఆ తర్వాతది. ఒక మీట దగ్గర నేను ఆపమన్నాక కూడా ఆవిడ ఆగలేదు, గోరంత ముందుకి వెళ్ళి వెనక్కి వచ్చి మేకుని కుదురుగా నిలబెట్టారు. “మేకు సంగతి నాకొదిలెయ్, స్వరం సంగతి నువ్వు చూడు,” అన్నారు. నా మాటకి ఆవిడ చెయ్యి అంత నమ్మకంగా కదులుతుంటే, తప్పు చెబుతానేమోనని ఒక్కో మాటా ఆచితూచి అన్నాను.

ఎనభై ఎనిమిదోది చివరి మీట. దానికే ఎక్కువసేపు పట్టింది.

“చాలు అత్తయ్యా. పచ్చలైటు వచ్చింది.”

“లైటు సంగతి కాదు. ఎలా ఉంది?”

నేను కళ్ళు మూసుకున్నాను. ఆవిడ కొట్టారు. “సన్నగా ఉంది. ఊగట్లేదు. పైకి వెళ్ళి అలా ఆగింది... ఇంకా ఉంది... ఇంకా... ఇప్పుడు పోయింది.”

కళ్ళు తెరిచేసరికి ఆవిడ పియానో వైపు చూడట్లేదు. నా మొహంలోకి చూస్తున్నారు. అలా చూస్తూనే, ఆ మీటని ఇంకొకసారి కొట్టారు.